పెరుగన్నం తిన్న తాబేళ్లు

మూగజీవాలు తమ బాధను చెప్పుకోలేవని లోకంలో ఒక మాట వాడుకలో ఉంది. ముప్పై ఏళ్లుగా పశువైద్యం చేస్తున్న నేను ఈ మాటను పూర్తిగా ఒప్పుకోను. గేదె తన బాధను చెప్పుకుంటుంది. నెమరు ఆపి చెబుతుంది, చెవులు వాల్చి చెబుతుంది, పేడ రంగుతో చెబుతుంది. మేక అయితే అరచి వీధినంతా పోగు చేస్తుంది. కుక్క యజమాని కాళ్ల దగ్గర పడుకొని కళ్లతోనే తన కథంతా విన్నవించుకుంటుంది. నిజంగా ఏమీ చెప్పని రోగిని నేను 2024 జనవరిలో మొదటిసారి చూశాను. అది తాబేలు. దాని శరీరమే నిదానంగా జబ్బు పడుతుంది. ఈనాడు పెట్టిన తప్పుడు తిండికి ఫలితం రెండు మూడు సంవత్సరాల తరువాత గాని కంటికి కనిపించదు. అప్పటికి పెట్టినవారికీ గుర్తుండదు, తిన్న ప్రాణికీ ఫిర్యాదు ఉండదు.

బాన్సువాడ వ్యవసాయంపై బతికే ఊరు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువ నీటితో ఇక్కడి నేల వరి పండిస్తున్నది. ఊరి చుట్టూ పొలాలు, వాటి నడుమ రైసుమిల్లులు, ఇంటింటా ఎంతో కొంత పాడి. కనుక మా పశువైద్యశాల గుమ్మం తొక్కేవి గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలు, కోళ్లు. ఇటీవలి కాలంలో పెంపుడు కుక్కలు కూడా వస్తున్నాయి. సంక్రాంతి పండుగ వెళ్లిన మూడవ రోజున అటవీశాఖ సిబ్బంది ఇద్దరు ఒక అట్టపెట్టెను తెచ్చి నా బల్లపై పెట్టినప్పుడు అందులో కోడిపిల్లలు ఉన్నాయేమో అనుకున్నాను. లోపల పాత తువ్వాలు మీద మూడు నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి.

వాటి వెనుకే ఒక పెద్దావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ తాబేళ్లు ఆమె ఇంటివి. ఆరేళ్ల కిందట ఆమె కొడుకు హైదరాబాదులో ఎవరి దగ్గరో కొని తెచ్చాడట. తాబేలు ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని, వాస్తు దోషం పోతుందని ఎవరో చెప్పారు. మనవడు కళాశాలలో చదువుతున్నాడు. నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరమని అతడు తెలుసుకొని వచ్చి చెప్పడంతో, ఆమె స్వయంగా అటవీశాఖ వారికి కబురు పంపింది. కొడుకు వద్దన్నా వినలేదు. తప్పించుకొనే ఉపాయం వెతకకుండా తనంతట తాను వచ్చి అప్పగించిన మనిషిని సిబ్బంది కూడా మర్యాదగానే చూశారు.

ఆ రోజున ఆమె నన్ను అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "డాక్టర్ సాబ్, దినాం నా చేతితోని పెరుగన్నం కలిపి పెడుతుంటి. దోసకాయ ముక్కలు పెడుతుంటి. బలం రావాలని మా పిల్లగాడు ఉడకబెట్టిన గుడ్డు గూడ పెడుతుండె. ఒక్క పూట గూడ పస్తు పెట్టలే. మరి గింత రోగమెట్ల వచ్చె?"

నిర్లక్ష్యం అనే మాట వినగానే మనకు తిండి పెట్టని యజమాని, మురికి పట్టిన బోను గుర్తుకు వస్తాయి. ఇక్కడ అటువంటిదేమీ లేదు. రోజూ తొట్టి కడిగేవారు. పూట తప్పకుండా తిండి పెట్టేవారు. తాబేలు అనగానే నీటి జీవి అనుకొని, పగలంతా నీళ్లు పోసిన ప్లాస్టిక్ తొట్టిలో, వంటింటి గట్టు కింద నీడలో ఉంచేవారు. ఆరేళ్లలో ఆ తాబేళ్లకు ఎండ తగలలేదు. నక్షత్ర తాబేలు చెరువు తాబేలు కాదు. రాయలసీమలోని చిట్టడవులు, గుజరాత్ రాజస్థాన్‌లలోని ఎండు గడ్డిబీళ్లు, శ్రీలంకలోని పొడి ప్రాంతాలు దాని నివాసాలు. ముళ్లపొదల కింద తలదాచుకొని, గడ్డి, ఆకులు, రాలిన పూలు, పండ్లు తిని బతుకుతుంది. వాన కాలంలో చురుకుగా తిరుగుతుంది. ఈత రాదు. అటువంటి ప్రాణిని నీళ్లలో ఉంచి పెరుగన్నం పెట్టడమంటే చేపను గట్టు మీద పడుకోబెట్టి విసనకర్రతో విసరడమే. విసిరే చేతిలో ప్రేమకు కొదవ ఉండకపోవచ్చు.

నేను ఒక్కొక్కదానినీ చేతిలోకి తీసుకొని పరీక్షించాను. అన్నింటికన్నా పెద్దది 640 గ్రాములు తూగింది, రెండవది 510, చిన్నది 280. ఆరేళ్ల వయసుకు ఆ బరువులు తక్కువ. అడుగు చిప్పను బొటనవేలితో నొక్కితే ఎండు కొబ్బరి చిప్పలా గట్టిగా ఉండవలసినది తడిసిన అట్టలా లోపలికి వంగింది. పై చిప్ప మీది పలకలు ఒక్కొక్కటీ గోపురంలా పైకి లేచి ఉన్నాయి. నక్షత్ర తాబేలుకు అడవిలో కూడా పలకలు కొంత ఉబ్బెత్తుగానే ఉంటాయి గాని, ఈ మోతాదులో కాదు. మెత్తని తిండికి అరగక ముక్కు చిలుకముక్కులా పెరిగి కిందికి వంగింది. గోళ్లు మెలికలు తిరిగాయి. చిన్నదాని కనురెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. మూడింటిలో ఏదీ కాళ్ల మీద లేచి నిలబడలేదు. ఈత నేర్చుకొనే పిల్లల మాదిరిగా నేల మీదనే కాళ్లు ఆడించింది.

చిప్ప అంటే తాబేలు మోసుకు తిరిగే పెట్టె అనుకొంటారు. అది పెట్టె కాదు, దాని ఎముకల గూడు. వెన్నెముక, పక్కటెముకలు ఆ చిప్పతో కలిసి పోయి ఉంటాయి. పైన కనిపించే నలుపు పసుపు చుక్కల పలకలు మన గోళ్ల వంటి పదార్థం. వాటి కింద ఉన్నది సజీవమైన ఎముక. గోరు గీసినా దానికి తెలుస్తుంది. కాబట్టి చిప్ప మెత్తబడటమంటే మన వెన్నెముక మెత్తబడటమే. తెలిసిన వైద్యుని సాయంతో తీయించిన ఎక్స్‌రేలో ఆ ఎముకలు పొగమంచులో కొమ్మల్లాగా మసకగా కనిపించాయి.

ఈ జబ్బు నాకు కొత్త కాదు, రోగి మాత్రమే కొత్త. పాడి రైతులందరికీ పాలజ్వరం తెలుసు. ఈనిన ఒకటి రెండు రోజుల్లో మంచి పాలిచ్చే గేదె ఉన్నట్టుండి కూలబడి, మెడ డొక్క వైపు తిప్పి పడుకుంటుంది. పేరు జ్వరమే గాని ఒళ్లు చల్లబడుతుంది. పాలలోకి ఒక్కసారిగా పోయిన సున్నాన్ని, అనగా కాల్షియంను, రక్తం భర్తీ చేసుకోలేకపోవడమే దానికి కారణం. మేము కాల్షియం సీసాను నరం ద్వారా నెమ్మదిగా ఎక్కిస్తే, చాలాసార్లు అరగంటలో గేదె లేచి నిలబడి మేతకు మూతి చాపుతుంది. పశువైద్యంలో ఇంతకు మించిన అద్భుతం లేదు. ఆ సంగతి ఎరిగిన మా ఆసుపత్రి సహాయకుడు "వీటికి కూడా ఒక చిన్న సీసా ఎక్కిద్దాం సార్" అన్నాడు.

అంత సులభమైతే ఈ వ్యాసం ఉండేది కాదు. గేదె విషయంలో ఎముకలలో సున్నం నిండుగా ఉంటుంది. రక్తంలోకి రావడం మాత్రమే ఆలస్యమవుతుంది. తాబేళ్ల విషయంలో గాదె మొత్తం ఖాళీ అయింది. రక్తంలో సున్నం ఒక మట్టానికి తగ్గితే గుండె కొట్టుకోదు, కండరం కదలదు. కాబట్టి తిండిలో సున్నం రానప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముక నుండి కొంచెం కొంచెంగా తోడి రక్తానికి ఇస్తాయి. కొత్త పంట రాని ఇల్లాలు గాదెలోని పాత వడ్లు దంచి పిల్లల కడుపు నింపినట్లే ఇది కూడా. అలా ఎన్నాళ్లు నడుస్తుందో గాదె లోతును బట్టి ఉంటుంది. ఈ మూడింటి శరీరాలూ ఆరేళ్లపాటు తమ ఎముకలను తామే తిన్నాయి.

ఆ పెద్దావిడకు నేను ఇదంతా చెప్పినప్పుడు ఆమె ఊరక తల ఊపి ఊరుకోలేదు. "పెరుగుల సున్నం లేదా సాబ్?" అని అడిగింది. చాలామంది చదువుకున్నవారు కూడా అడగని ప్రశ్న అది. ఉంది. పెరుగులో సున్నం సమృద్ధిగానే ఉంది. కాని తాబేలు పాలు తాగే జాతి కాదు. పాలలోని చక్కెరను జీర్ణించుకొనే ఏర్పాటు దాని పేగుకు లేదు. దాని జీర్ణకోశం పీచు కోసం తయారైంది. గేదె కడుపులో ముందు భాగాన సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడితే, తాబేలుకు ఆ పని పెద్దపేగులో జరుగుతుంది. పీచు లేని అన్నం పెడితే ఆ సూక్ష్మజీవుల సంసారం చెడుతుంది. పైగా బియ్యంలో సున్నం కంటే భాస్వరం దాదాపు పది రెట్లు ఎక్కువ. తాబేలు ఆహారంలో భాస్వరం ఒక పాలు ఉంటే సున్నం రెండు పాళ్లు ఉండాలి. ఈ లెక్క తలకిందులైతే తిన్న సున్నం కూడా ఒంటబట్టదు. దోసకాయలో నూటికి 95 పాళ్లు నీరే. ఇక తిన్న సున్నం పేగు గోడను దాటి రక్తంలో చేరాలంటే డి విటమిన్ కావాలి. అది చర్మం మీద సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు తయారవుతుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ వెలుగును ఇస్తుంది, వెచ్చదనాన్ని ఇస్తుంది గాని ఆ కిరణాలను లోపలికి రానివ్వదు. వంటింటి గట్టు కిందికి అద్దం ఎండ కూడా రాలేదు.

తాబేళ్లను హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలకు తరలించాలని మొదటి ఆలోచన. అయితే అక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు. అంత మెత్తని ఎముకలతో ఆ కుదుపులను తట్టుకోలేవని నేను అభిప్రాయపడ్డాను. వన్యప్రాణి వైద్యంలో అనుభవం గల ఒక మిత్రునితో ఫోనులో మాట్లాడాను. ఆయన కూడా అదే అన్నారు. పై అధికారుల అనుమతి పత్రం వచ్చింది. ఆసుపత్రి వెనుక గది ఖాళీ చేయించి, నేల మీద ఎండు గడ్డి పరిపించి, మూలన ఒక బల్బు వేలాడదీయించాను.

చికిత్స తిండితో మొదలు కాలేదు. చాలాకాలం సరైన ఆహారం లేని శరీరానికి ఒక్కసారిగా మంచి భోజనం పెడితే అది మేలుకన్నా కీడే చేస్తుంది. ముందు నీరు. నీళ్లలోనే ఆరేళ్లున్న ప్రాణుల ఒంట్లో నీరు ఇంకిపోయి ఉండటం విచిత్రంగా తోచవచ్చు. చల్లని నీటిలో ముడుచుకొని కూర్చున్న తాబేలు తాగేది తక్కువ. రోజూ పొద్దున గోరువెచ్చని నీటిని వెడల్పాటి పళ్లెంలో గదవ దాకా మాత్రమే పోసి, ఒక్కొక్కదానిని పావుగంట ఉంచాము. మూడవ రోజున పెద్దది మెడ చాచి నీళ్లు తాగింది. గొంతు కదులుతుంటే మా సహాయకుడు వాచీ చూసి లెక్కపెట్టాడు. రెండు నిమిషాలకు పైగా తాగింది.

నీటి తరువాత వెచ్చదనం. తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోదు. జనవరి రాత్రులు ఇక్కడ చలి గట్టిగా ఉంటుంది. ఒళ్లు చల్లగా ఉంటే లోపలికి పోయిన ఆకు అరగక పేగులోనే కుళ్లుతుంది. కనుక పొద్దుటి ఎండ ఎనిమిది గంటలకు గోడ దాటగానే ఆరుబయట కోడిగంప కింద ఉంచేవాళ్లం. గంప సగం మీద గోనెసంచి కప్పేవాళ్లం. ఎండ ఎక్కువైతే నీడలోకి జరిగే అవకాశం దానికి ఉండాలి.

మూడవది తిండి. ఇక్కడ నాకు పశువైద్య గ్రంథాలకన్నా ఎక్కువగా పనికివచ్చినవి మనుషుల కోసం తయారైన ఆహార పట్టికలు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు ఆకులు, గింజలు, కూరగాయలలో ఏమేమి ఎంత ఉందో లెక్కగట్టి అచ్చువేసింది. ఆ పుస్తకాన్ని నేను తాబేళ్ల కోసం చదివాను. వంద గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంది. బియ్యంలో అది 10 కూడా లేదు. పాలకూరలో సున్నం ఉన్నా దానిలోని ఆక్సాలిక్ ఆమ్లం ఆ సున్నాన్ని పట్టుకొని విడిచిపెట్టదు. ఉన్నట్టే ఉండి అక్కరకు రాని చుట్టం వంటిది. ఆ విధంగా కొన్ని తీసివేసి కొన్ని ఉంచి ఒక మేత నిర్ణయించాను. ఎక్కువ భాగం గరిక, ఇతర గడ్డి. తరువాత మందార ఆకులు, పూలు. కొంచెం మునగాకు. వారానికి రెండుసార్లు నాగజెముడు. దీనికి పాలు కారే జెముడుతో సంబంధం లేదు. అట్టల వంటి కొమ్మలు గల జెముడు ఇది. కరువు కాలంలో రైతులు దీని ముళ్లను మంట మీద కాల్చి పశువులకు మేపేవారని మా నాయన చెప్పేవాడు. మేమూ అలాగే కాల్చి, తోలు తీసి, ముక్కలు చేశాము. వీటి మీద ఆయుర్వేద మందుల దుకాణంలో దొరికే సముద్రపు నురుగును మెత్తగా గీకి చిటికెడు చల్లేవాళ్లం. పేరు నురుగే గాని అది కటిల్ చేప ఒంట్లోని పెంకు. దాదాపు శుద్ధమైన సున్నపు పదార్థం.

గడ్డి కోసం వెతుక్కోవలసి రావడమే ఈ కథలో నాకు బాధ కలిగించిన విషయం. చుట్టూ ఎటు చూసినా పచ్చదనమే. కాని ఏ పొలం గట్టు మీది గరికను కోయబోయినా, కలుపుమందు కొట్టామనో, పురుగుమందు జల్లు గట్టు మీద పడిందనో రైతులే హెచ్చరించేవారు. గేదెకు పెద్ద శరీరం ఉంది, కొంత తట్టుకొంటుంది. అర్ధకిలో తాబేలుకు ఆ శక్తి ఎక్కడిది? చివరకు పశువుల కోసం మందు కొట్టకుండా గడ్డి పెంచుకొంటున్న ఒక రైతు రోజుకొక గుప్పెడు కోసుకోమన్నాడు. మందార ఆకుల బాధ్యతను ఆ పెద్దావిడే తీసుకొంది. ఆమె ఇంటి ముందు పెద్ద మందార చెట్టు ఉంది. పొద్దున ఏడింటికి ఆకుల సంచితో ఆసుపత్రికి వచ్చేది. అప్పగించిన తరువాత చట్టరీత్యా తాబేళ్లతో ఆమెకు సంబంధం లేదు. ఆకులు తేవడానికి చట్టం అడ్డురాదు.

ఆకులు తెచ్చినంత మాత్రాన అవి తినలేదు. పెరుగన్నపు రుచి మరిగిన నోటికి గరిక గడ్డిపోచలాగే ఉంది. పదకొండు రోజులు వాటి ముందు పెట్టిన మేత పెట్టినట్టే వాడిపోయింది. ముక్కును ఆకురాయితో అరగదీసి సరిచేశాను, అయినా కొరకలేదు. రెండు పూటలూ గొట్టంతో పలుచని ఆకుల రసం ఇస్తూ వచ్చాము. అప్పుడు పెద్దావిడ, "పువ్వు ముందర పెట్టి చూడుండ్రి సాబ్, పసిపిల్లలు గూడ రంగు చూసి తింటరు" అన్నది. తాబేళ్లకు రంగులు బాగా కనిపిస్తాయి; ఎరుపు, పసుపు వాటిని ఆకర్షిస్తాయి. పన్నెండవ రోజున ఎర్ర మందార రెక్కలను సన్నగా తరిగి గరికలో కలిపి పెడితే పెద్దది మెడ చాచి, ఒక రెక్కను అటూ ఇటూ చూసి, కొరికింది. రెక్కతో పాటు రెండు గరిక పోచలు కూడా లోపలికి పోయాయి. ఆ మధ్యాహ్నం నేను గేదెకు సూది వేస్తూ కూడా ఆ రెండు పోచల గురించే ఆలోచించాను.

చిన్నది బతకలేదు. ఫిబ్రవరి రెండవ వారంలో ఒక రాత్రి చనిపోయింది. అటవీశాఖ వారి సమక్షంలో శవపరీక్ష చేశాను. గుండె మీద, మూత్రపిండాల మీద, కాలేయం మీద తెల్లని ముగ్గు చల్లినట్లు పొర కట్టి ఉంది. ఇటువంటి పొడి నేలల తాబేళ్లు నీటిని పొదుపు చేయడానికి ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని మనలా యూరియాగా నీళ్లలో కలిపి పంపవు; యూరిక్ ఆమ్లంగా, తెల్లని ముద్దగా విసర్జిస్తాయి. మాంసకృత్తులు మితిమీరి, ఒంట్లో నీరు తక్కువైనప్పుడు ఆ తెల్లని స్ఫటికాలు బయటకు పోలేక అవయవాల మీదనే పేరుకుంటాయి. బలం కోసం పెట్టిన గుడ్డే ఆ ముగ్గు. మా వద్దకు వచ్చేటప్పటికే ఆ మూత్రపిండాలు మూడు వంతులు పాడై ఉన్నాయి.

పెద్దావిడకు ఆ సంగతి చెప్పాలా, జబ్బు ముదిరిపోయిందని ఊరుకోవాలా అని కొంతసేపు ఆలోచించాను. చెప్పాను. ఎందుకంటే ఆమె మనవడి స్నేహితుని ఇంట్లో మరొక తాబేలు ఉందని మాటల్లో తెలిసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కాసేపు నిలబడి వెళ్లిపోయింది. రెండు రోజులు ఆకులు రాలేదు. మూడవ రోజున సంచితో పాటు మనవడిని కూడా వెంటబెట్టుకొని వచ్చింది. ఆ కుర్రవాడు ఏమీ మాట్లాడలేదు. గోరువెచ్చని నీళ్ల పళ్లెం తానే తీసుకొని పని మొదలుపెట్టాడు. వారం తిరగకముందే ఆ నాలుగవ తాబేలు కూడా అటవీశాఖ చేతికి వచ్చింది. దాని చిప్ప గట్టిగానే ఉంది.

ఈ తాబేళ్లు ఊళ్లలోకి ఎలా వస్తున్నాయో కూడా చెప్పాలి. అడవిలో చిన్నపిల్లలను ఏరి, సంచుల్లో నింపి, చేతులు మార్చి నగరాలకు, అక్కడి నుండి విమానాల్లో విదేశాలకు పంపే వ్యాపారం ఉంది. దక్షిణ భారతదేశంలోని ఒకే ఒక కేంద్రం నుండి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు ఇలా తరలిపోతున్నాయని 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం 2019లో ఈ జాతిని అత్యున్నత రక్షణ గల మొదటి అనుబంధంలో చేర్చింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది; 2022లో చేసిన సవరణతో నక్షత్ర తాబేలు అందులోని మొదటి షెడ్యూలులోకి వచ్చింది. పట్టుకొన్నా, అమ్మినా, ఉంచుకొన్నా మూడు నుండి ఏడు సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. 2018లో సింగపూరులో దొరికిన 51 తాబేళ్లను విమానంలో బెంగళూరుకు తిరిగి తెచ్చారు. అవి అదృష్టవంతులు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో నక్షత్ర తాబేళ్లను భక్తులు విష్ణుమూర్తి రూపంగా దర్శించుకొంటారు. దేవుడని మొక్కే చేతులకూ, అదృష్టమని కొనే చేతులకూ మధ్య దూరం ఎంతో నాకు అంతుపట్టదు.

మార్చిలో ఈ వార్త ఎలా పొక్కిందో గాని, కామారెడ్డి నుండి ఒక యువకుడు ఫోను చేశాడు. అతని వద్ద గడ్డపు తొండ ఉంది. బియర్డెడ్ డ్రాగన్ అని పిలిచే ఈ తొండ ఆస్ట్రేలియా నడిభాగపు ఎండు నేలలది. కోపం వస్తే గొంతు ఉబ్బించి నల్లబరుస్తుంది. అదే దాని గడ్డం. సజీవ సరీసృపాలను వ్యాపారానికి బయటకు పంపడాన్ని ఆస్ట్రేలియా ఏనాడో నిషేధించింది కనుక, ఇప్పుడు లోకమంతటా పెంపుడు జంతువుగా అమ్ముతున్నవి ఇతర దేశాల్లో బోనుల్లోనే పుట్టి పెరిగిన సంతతి. మన పొలాల్లో తిరిగే తొండను రాళ్లతో కొట్టే ఊళ్లలోనే, సముద్రాలకు ఆవలి తొండను వేలు పోసి కొనేవారు ఉండటం కాలమహిమ. అతని తొండకు కాళ్లు వణుకుతున్నాయి, దవడ మెత్తబడింది. దుకాణంలో ఇచ్చిన పిండిపురుగులు తప్ప మరేమీ పెట్టలేదట. ఆ పురుగుల్లోనూ భాస్వరం హెచ్చు, సున్నం తక్కువ. గాజుపెట్టెలో మామూలు బల్బు. కథ అదే, పాత్రధారి వేరు. ఎదిగిన గడ్డపు తొండ పురుగులతో పాటు ఆకులు కూడా బాగా తినాలని, పురుగులకు ముందు ఒక రోజు ఆకుకూరలు మేపి తరువాత సున్నపు పొడిలో దొర్లించి పెట్టాలని, అద్దం తీసి నేరుగా ఎండ చూపించాలని చెప్పాను. రెండు నెలలకు ఒక వీడియో పంపాడు. తొండ ఇటుక మీదికి ఎక్కి, తల ఎత్తి, నా వైపే చూస్తున్నట్లు కూర్చుంది.

మా తాబేళ్లు అంత వేగంగా కోలుకోలేదు. తాబేలు కోలుకోవడం కూడా తాబేలు నడకే. ప్రతి సోమవారం తూచి పుస్తకంలో రాసేవాళ్లం. మార్చి నెలంతా అంకెలు దాదాపు కదలలేదు. ఏప్రిల్‌లో పెద్దది నాలుగు కాళ్ల మీద చిప్పను నేల నుండి ఎత్తి మూడడుగులు వేసింది. మేలో ఎండలు ముదిరినప్పుడు పగలంతా తడి గోనెల నీడలో ఉంచి, పొద్దున మాత్రమే బయటకు తెచ్చాము. మృగశిర కార్తె తొలివాన పడిన రోజు సాయంత్రం రెండూ గంప కింద నిలువలేక దాని అంచును తలతో నెట్టసాగాయి. గంప ఎత్తివేశాను. వానలో తడుస్తూ ఆవరణ అంతా తిరిగి, గోడ పక్కన మొలిచిన గరికను ఎవరూ తరగకుండానే, ఎవరూ మందార రెక్కలు కలపకుండానే కొరికి తిన్నాయి.

జూన్ చివర ఒక ఉదయం వెలుతురులో చూస్తే ప్రతి పలక అంచునా సన్నని తెల్లని గీత కనిపించింది. కొత్తగా పెరిగిన చిప్ప అది. దారం మందం కూడా లేదు గాని సమంగా, నున్నగా ఉంది. పైకి లేచిన పాత గోపురాలు ఇక దిగవు; బతికినంతకాలం అవి అలాగే ఉంటాయి. ఇకమీదట పెరిగేది మాత్రం ఆ గీత మాదిరిగా పెరుగుతుంది. రెండవసారి తీసిన ఎక్స్‌రేలో కొమ్మలు మంచులోంచి బయటపడ్డాయి. అడుగు చిప్పను బొటనవేలితో నొక్కాను. వంగలేదు.

జూలై మొదటి వారంలో అటవీశాఖ వాహనం వచ్చింది. పెద్దది 815 గ్రాములు, రెండవది 655. అప్పగింత పత్రంలో బరువుతో పాటు మేత వివరాలు కూడా రాశాను: గరిక, మందార, మునగ, నాగజెముడు, సముద్రపు నురుగు చిటికెడు, పెరుగన్నం వద్దు. అధికారి ఆ చివరి మాట చదివి నవ్వి, కొట్టివేయకుండానే సంతకం చేశాడు. పెద్దావిడ ఆ రోజు కూడా ఆకుల సంచి తెచ్చింది. తోవలో తినడానికని డ్రైవరు చేతికి ఇవ్వబోతే, ప్రయాణంలో మేత పెట్టరాదని చెప్పవలసి వచ్చింది. ఆమె సంచి మడిచి చంకలో పెట్టుకొని, వాహనం కాలువ వంతెన దాటేదాకా గేటు దగ్గరే నిలబడి, "నాలుగు దినాలాయె, చెట్టు మీద కోసేటందుకు ఆకు గూడ మిగలలే సాబ్, ఇయ్యాల పక్కింటోళ్ల చెట్టుది తెచ్చిన" అన్నది.